టీచర్ గీసిన అక్షరాలు

టీచర్ ఫోన్ చేసినప్పుడు నేను మౌలాలిలో మా డాబా మీద ఎండుమిరపకాయలు తిరగేస్తున్నాను. హలో కూడా అనలేదావిడ.

"అమ్మాయ్, నువ్వింకా రిపేర్లు చేస్తున్నావా, రిటైరయ్యాక మానేశావా?"

"చేస్తున్న టీచర్. ఏం ఖరాబైంది?"

"కంప్యూటరు."

"ల్యాప్‌టాపా?"

"కాదే. మన కంప్యూటరు."

'మన' అనేసరికి అర్థమైంది. ఆ పెట్టె ఇంకా ఉందంటే నమ్మబుద్ధి కాలేదు. మిరపకాయలు అలాగే వదిలేసి మెట్లు దిగాను.

నలభయ్యేళ్ళకు దగ్గరపడ్డ మాట. టీచర్ అప్పట్లో ఒక బడిలో లెక్కలు చెప్పేవారు. వాళ్ళది గుంటూరు వైపు నుంచి ఉద్యోగం మీద సికింద్రాబాదు వచ్చి ఇక్కడే స్థిరపడ్డ క్రైస్తవ కుటుంబం. సాయంత్రాలు కార్ఖానాలోని తమ ఇంటి ముందుగదిలో ఆరుగురు ఆడపిల్లలకు కంప్యూటర్ నేర్పేవారు. కంప్యూటర్ ఒక్కటే. ఒకరు కీబోర్డు ముందు కూర్చుంటే మిగతా అయిదుగురం వెనక నిలబడి తప్పులు పట్టేవాళ్ళం. నేను ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాను. మా ఇంట్లో తాతల నుంచీ అందరిదీ చేతిపనే. అందుకేనేమో, తెర మీద ఏం వస్తోందన్న దానికన్నా పెట్టెలో ఏముందన్నదే నా యావ. టీచర్ అది కనిపెట్టారు. ఒకరోజు స్క్రూడ్రైవరు తెచ్చి నా చేతిలో పెట్టి, "విప్పు. కానీ మళ్ళీ బిగించేలాగా విప్పు" అన్నారు. ఆ తర్వాత రైల్వేలో సిగ్నల్, టెలికం పనిలో చేరి ఎన్ని పెట్టెలు విప్పానో లెక్కలేదు. అన్నీ మళ్ళీ బిగించాను.

మర్నాడు మధ్యాహ్నం సంచి నిండా సామాను సర్దుకుని స్కూటీ మీద కార్ఖానా వెళ్ళాను. టీచర్‌కి ఎనభై దాటాయి. ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, రెండోది ఇంకా కావాలి. మనిషి సన్నబడ్డారు గానీ గొంతు మాత్రం క్లాసులో గొంతే. కంప్యూటర్ చూపించే ముందు ఒక పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పడేశారు. వాళ్ళ చర్చి సంఘం వార్షికోత్సవానికి వేసిన ప్రత్యేక సంచిక.

"చీటీ పెట్టిన పేజీ చదువు."

చదివాను. సంఘం నెలనెలా వేసిన పత్రిక గురించి ఒక వ్యాసం. అందులో, కంప్యూటర్‌లో తెలుగు అక్షరాలు తయారుచేసి ఆ పత్రికను అచ్చువేసిన ఘనత అప్పటి సెక్రటరీగారిదని ఉంది. టీచర్ ప్రస్తావన ఎక్కడా లేదు.

"అవి నేను గీసిన అక్షరాలే" అన్నారు టీచర్. "గళ్ళ కాగితం మీద చుక్క చుక్క పెట్టుకుని గీశాను. రెండు వేసవి సెలవులు దానికే పోయాయి. అప్పట్లో ఇందులో తెలుగు ఎక్కడిదీ? ఒక్కో అక్షరానికీ ప్రోగ్రాం నేనే రాసుకున్నాను."

నేను అప్పటికే ఉద్యోగంలో చేరి క్లాసులకు రావడం మానేశాను కాబట్టి ఆ పని కళ్ళారా చూడలేదు. పత్రిక మాత్రం ఒకటి రెండుసార్లు చూశాను. అక్షరాలు మొద్దుగా, గోడకు మేకులు కొట్టినట్టు ఉండేవి. కానీ తెలుగే. చదవడానికి వచ్చేది.

"మరి పోయి అడగకపోయిండ్రా టీచర్?"

"అడిగితే ఏమవుతుంది? ఆయన అవునంటాడు, నేను కాదంటాను. వాదించడం నాకు చేతకాదమ్మాయ్. చూపించడం వచ్చు. అది ఆన్ అయితే చాలు, అంతా అందులోనే ఉంది."

కంప్యూటర్‌ని మా ఇంటికి తీసుకుపోయి చేస్తానన్నాను. ఒప్పుకోలేదు. గడప దాటడానికి వీల్లేదన్నారు. సరే, ఇక్కడే చేద్దామని ముందుగదిలో బల్ల ఖాళీ చేయించాను. నా మీద నాకు నమ్మకమే. రైల్వేలో దీనికంటే ముసలి యంత్రాలకు వానలో గొడుగు పట్టుకుని ప్రాణం పోశాను. ఈ పెట్టెలో నాకు తెలియనిదేమీ ఉండదనుకున్నాను.

నేను సంచి విప్పేలోపే టీచర్ ప్లగ్గు పట్టుకున్నారు.

"టీచర్, స్విచ్ జోలికి పోవద్దు! గిన్నేళ్ళు పండుకున్నదాన్ని ఒక్కసారి లేపితే ఉన్న ప్రాణం సుత పోతది."

"నాకే పాఠం చెప్తావా?" అంటూనే ప్లగ్గు కింద పెట్టారు.

మూత తీశాను. దుమ్ము దుప్పటిలా పరుచుకుని ఉంది. ఒక మూల బల్లి గుడ్ల పెంకులు. అవి కాదు నన్ను కలవరపెట్టింది. పెద్ద బోర్డు మీద, తేదీ గుర్తుంచుకోవడానికి పెట్టే చిన్న బ్యాటరీ పగిలి కారిపోయింది. చుట్టూ ఉన్న రాగిగీతలు చిలుము పట్టి పచ్చబడ్డాయి. టీచర్ వంగి చూసి, "ఇత్తడి చెంబులా అయిందే" అన్నారు. ఆ పూటంతా చిలుము వదిలించడంతోనే సరిపోయింది. వెనిగర్‌లో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో రుద్దడం, స్పిరిట్‌తో కడగడం, ఆరబెట్టడం. ఆరాక మల్టీమీటర్‌తో ఒక్కో గీతా తడిమి చూశాను. మూడుచోట్ల గీత పూర్తిగా తెగిపోయింది. మర్నాడు వచ్చి భూతద్దం కింద, వెంట్రుకంత తీగలతో ఆ మూడూ అతికాను. చెయ్యి వణకలేదు. అరవయ్యేళ్ళ చేతితో అది చెయ్యగలగడమే నా గర్వం.

తర్వాత కరెంటు పెట్టె. దానికి తిన్నగా కరెంటు ఇవ్వకుండా మధ్యలో ఒక వంద వాట్ల బల్బు కట్టాను. మా మెకానిక్కులందరూ చేసేదే. లోపల షార్టు ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, వస్తువు కాలిపోదు. స్విచ్ వేశాను. గది మొత్తం వెలిగేలా బల్బు వెలిగింది.

"బాగైపోయిందా?" అన్నారు టీచర్ ఆశగా.

"లేదు టీచర్, బల్బు వెలుగుడే బీమారి."

రెండు కెపాసిటర్లు చచ్చిపోయి ఉన్నాయి. అవి మార్చి మళ్ళీ స్విచ్ వేస్తే బల్బు ఒక్కసారి మిణుక్కుమని ఎర్రటి తీగలా మిగిలింది. ఫ్యాను తిరిగింది. ముప్పయ్యేళ్ళ కిందటి గాలి ఆ గదిలోకి వచ్చింది. కాలిన దుమ్ము వాసన. టీచర్ గట్టిగా తుమ్మి, "స్తోత్రం" అన్నారు.

కీబోర్డు మాత్రం పనికిరాలేదు. ఎలుకలు తీగ కొరికేసి, లోపల పిల్లల్ని కూడా పెట్టి వెళ్ళిపోయాయి. దాని కోసం రాంగోపాల్‌పేట్ సందుల్లో ఒక పాత సామాను దుకాణానికి వెళ్ళాను. దుకాణం యజమాని నాకు ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచీ తెలుసు. కీబోర్డులు గుట్టగా పోసి ఉన్నాయి.

"గుండ్రటి లావు పిన్ను ఉండాలె అన్నా. గీ సన్నయి పనికిరావు."

"ఏందక్కా, గీ జమానాల గది ఎవడడుగుతడు? మొన్ననే ఒక బోరా సంచి మొత్తం కరిగిచ్చెటోళ్ళకు పంపిన." అంటూనే గుట్టలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి కెలకడం షురూ చేశాడు. ఒకటి దొరికింది. ఇటుకంత బరువు. మీటలు నొక్కి చూశాను. టకటకమని ఒక్కోటి ఒక్కో మాట చెప్పినట్టు పలికాయి. "ఎవరిది అక్కా కంప్యూటరు?" అనడిగాడు. "మా టీచర్‌ది" అన్నాను. అతను ఎండిపోయిన ప్రింటర్ రిబ్బను ఒకటి వెతికి, "స్టాంపు ప్యాడు సిరా ఎక్కియ్యి, నడుస్తది" అని చేతిలో పెట్టాడు.

నాలుగోరోజు తెర వెలిగింది. ముందు మసక, తర్వాత నారింజ రంగులో ఒక చిన్న గీత మిణుకుమిణుకుమంది. టీచర్ కుర్చీ ముందుకు లాక్కున్నారు. మెమరీ అంకెలు లెక్కపెట్టుకుంటూ పోయి ఆగాయి. లోపల ఏ రకం హార్డ్ డిస్క్ ఉందో తనకు గుర్తులేదు, నెంబరు చెప్పమని అడిగింది యంత్రం. బ్యాటరీ పోతే అంతే, అన్నీ మరిచిపోతుంది. నేను డిస్క్ మీది కాగితం కోసం వంగాను.

"రెండు" అన్నారు టీచర్.

"ఏంది టీచర్?"

"టైపు రెండు. దానికి గుర్తులేకపోతే నాకుంది. కొట్టు."

కొట్టాను. రెండే.

కానీ డిస్క్ తిరగలేదు. చెవి ఆనించి విన్నాను. టిక్కుమంటోంది, మళ్ళీ ఆగుతోంది. లోపల పళ్ళెం మీద రాసే సూది అన్నేళ్ళుగా ఒకేచోట ఉండిపోయి అతుక్కుపోయింది. అప్పటిదాకా ఉన్న ధీమా అక్కడితో పోయింది. బోర్డు పోతే అతకచ్చు, కెపాసిటర్ పోతే మార్చచ్చు. డిస్క్ పోతే టీచర్ రెండు వేసవులూ పోతాయి. దానికి విడి సామాను ఏ సందులోనూ దొరకదు.

విషయం దాచకుండా చెప్పాను. "ఒక ఉపాయం ఉంది టీచర్. గట్టిగ ఒక్క తిప్పు తిప్పాలె. ఊడి వస్తే వస్తది. లేకుంటే సూది ఇరిగి మొత్తం పోతది."

"తిప్పకపోతే?"

"గిట్లనే ఉంటది."

"ఇలాగే ఉండి ఏం ఉపయోగం? తిప్పు."

డిస్క్ విప్పి రెండు అరచేతుల్లో పట్టుకున్నాను. ఇరుక్కున్న ఆవకాయ జాడీ మూత తిప్పినట్టు మణికట్టుతో ఒక్క విసురు విసిరాను. లోపల ఏదో వదిలిన చిన్న చప్పుడు. మళ్ళీ తీగలు తగిలించి స్విచ్ వేస్తే సన్నగా ఈల వేసినట్టు మొదలై, ఆ ఈల పెరిగి పెరిగి ఒక స్థాయిలో నిలబడింది. తెర మీద యంత్రం మన మాట కోసం ఎదురుచూసే గుర్తు వచ్చింది. టీచర్ నా వీపు మీద ఒక్కటి చరిచారు. క్లాసులో లెక్క కరెక్టుగా చేస్తే చరిచినట్టే.

నేను మాత్రం సంబరపడుతూ కూర్చోలేదు. మళ్ళీ ఆగితే ఇంకోసారి లేస్తుందన్న నమ్మకం లేదు. ముందు లోపలున్నదంతా ఒక తీగ ద్వారా నా ల్యాప్‌టాప్‌లోకి లాగేశాను. గంటన్నర పట్టింది. అది అయ్యాకే ఊపిరి పీల్చుకుని, టీచర్ రాసిన ప్రోగ్రాం తెరిచాను.

తెర నిండా అంకెలు. ఒక్కో వరుస ఒక్కో అక్షరం. అంకెల మధ్య అక్కడక్కడా, యంత్రం పట్టించుకోకుండా వదిలేసే వరుసలు ఉన్నాయి. మనిషి తన కోసం రాసుకునేవి. టీచర్ అక్కడ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకున్నారు. ఆవిడ కళ్ళకు ఆ నారింజ రంగు ఆనడం లేదు. "నువ్వు చదువు" అని కళ్ళు మూసుకుని వెనక్కి వాలారు.

"ఖ పొట్ట సరిగా రాలేదు, రేపు మళ్ళీ" అని చదివాను.

"రాలేదు. మూడుసార్లు చేశాను."

"ణ చూస్తే తేలులాగా ఉంది."

టీచర్ నవ్వారు. "ఉండేది. ఇప్పటికీ ఉంటుంది చూడు."

"ఇవాళ కరెంటు పోయింది, ధ నుంచి ల దాకా మళ్ళీ కొట్టాలి."

"మా ఆయన కొవ్వొత్తి పట్టుకుని నిలబడ్డాడు పాపం."

అలా అచ్చులు, హల్లులు, గుణింతాలు అయ్యాయి. ఒక్కో వరుసకూ ఆవిడ ముఖం తేటపడుతోంది. కిందికి జరిపాను. వత్తులు మొదలయ్యాయి. వాటి పైన ఒక వరుస ఉంది. కళ్ళతో చదివి ఆగిపోయాను.

వత్తులు మొత్తం, క్ష, జ్ఞ, శ్రీ అనే అక్షరాలు కూడా సెక్రటరీగారి గళ్ళ కాగితం నుంచి తీసుకున్నానని, బాగున్నాయని రాసి ఉంది.

ఆ క్షణం నేనేం ఆలోచించానో దాచడం ఎందుకు? నేను టీచర్ మనిషిని. ఆవిడకు కనబడటం లేదు. ఒక్క మీట నొక్కితే ఆ వరుస పైకి జరిగి కనుమరుగవుతుంది. వత్తులు కూడా ఆవిడవే అయిపోతాయి. రేపు ఈ తెర ఎవరికి చూపించినా అంకెలు చూస్తారు గానీ ఈ వరుస వెతుక్కుని ఎవరు చదువుతారు? నా వేలు మీట మీదే ఉంది.

"ఏమయింది? ఆగావేం?"

"టీచర్, ఇది మీరే రాసిండ్రు. ఇనుండ్రి" అని, ఉన్నది ఉన్నట్టు చదివాను.

ఆవిడ కళ్ళు తెరిచారు. "ఇంకోసారి చదువు."

చదివాను.

ఆవిడ తెరకేసి వంగి, వేలితో ఆ వరుస తడిమారు. తర్వాత, "మర్చిపోయానే" అన్నారు. "నిజంగా మర్చిపోయాను. ఆ సెక్రటరీ సాయంత్రం ఆఫీసు నుంచి తిన్నగా ఇక్కడికే వచ్చేవాడు. టిఫిన్ డబ్బా కూడా చేతిలోనే ఉండేది. వత్తులు నాకు కుదరలేదమ్మాయ్. ఏది పెట్టినా కింది వరుస మీద పడేది. ఆయనే కూర్చుని కుదించి గీశాడు." మళ్ళీ వెనక్కి వాలి, "వత్తులు లేకుండా తెలుగులో ఒక్క వాక్యం రాయగలమా? 'అమ్మ' అని కూడా రాయలేం" అన్నారు. అది నాకు చెప్పినట్టు లేదు.

మరో పది నిమిషాలకు లేచి ఫోన్ దగ్గరికి వెళ్ళారు. మాట్లాడింది రెండే ముక్కలు. "టీచర్‌ని. రేపు మధ్యాహ్నం ఓసారి మా ఇంటికి రండి. మీకొకటి చూపించాలి."

సెక్రటరీగారు మర్నాడు చేతికర్రతో, ఇస్త్రీ చొక్కాతో వచ్చారు. ఆయన మేనల్లుడు ఆటోలో దింపి వెళ్ళిపోయాడు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. గుమ్మంలోనే చేతులు జోడించి, "వందనాలు టీచర్‌గారూ" అన్నారు. అంటూ ఆవిడ ముఖంకేసి కాకుండా కిటికీకేసి చూశారు. కూర్చోగానే ఆయనే మొదలుపెట్టారు.

"సంచికలో పడినదాని గురించేగా. నేను రాయమనలేదండీ. కమిటీ పిల్లలు ఎవరినో అడిగి రాసేశారు."

"మీరు చదివారు కదా?"

"చదివాను." చేతికర్ర మీద రెండు చేతులూ పెట్టుకున్నారు. "కాదని అనలేదు. అనాల్సింది. ఆ ఆదివారం నలుగురూ వచ్చి చెయ్యి కలిపారు. ఎప్పుడో రిటైరైనవాణ్ణి, నన్నెవరు తలుచుకుంటారు చెప్పండి? నోరు రాలేదు."

టీచర్ నాకేసి చూసి తల ఊపారు. నేను ఆ వరుస తెచ్చి తెర మీద నిలబెట్టాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని ఇంగ్లీషు అక్షరాలు ఒక్కోటీ కూడబలుక్కుంటూ చదివారు. చివరిదాకా వచ్చి, "బాగున్నాయి అని రాశారా?" అన్నారు.

"బాగున్నాయి కాబట్టి రాశాను."

"నాతో ఎప్పుడూ అనలేదు."

"టీచర్లం. అంత తేలిగ్గా అనం" అన్నారావిడ. అప్పుడు ఇద్దరూ నవ్వారు.

మాటల్లో పడితే పని ఆగిపోతుందని నేను మూల ఉన్న టీచర్ పాత ప్రింటర్ కలిపాను. రిబ్బనుకు స్టాంపు సిరా ఎక్కించి అప్పటికే ఆరబెట్టి ఉంచాను. పాత పత్రికల్లో ఒకటి ఎంచి అచ్చుకిచ్చాను. కర్ర్, కర్ర్ అంటూ రేకును గీకినట్టు గోల చేస్తూ ఒక్కో వరుసా కాగితం మీదికి దిగింది. పక్కింటావిడ ఏమయిందోనని గోడ మీంచి తొంగిచూసింది. సండేస్కూలు పిల్లల పిక్నిక్ ప్రకటన అది. అన్నం, నీళ్ళు ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలట. 'ణ' నిజంగానే తేలులా ఉంది. వత్తులు మాత్రం ఒక్కటి కూడా కింది వరుసను తాకలేదు.

ఆదివారం టీచర్ ఆ కాగితాన్ని, ప్రోగ్రాం పేజీలను కలిపి ఆరాధనకు తీసుకువెళ్ళారు. ఆరాధన అయ్యాక కమిటీ వాళ్ళను కూర్చోబెట్టి, ఇద్దరూ కలిసే చెప్పారట. ఆయన ముందు లేచి, అక్షరాలు టీచర్‌గారివి అన్నారు. ఈవిడ తర్వాత లేచి, వత్తులు ఆయనవి అన్నారు. మిగిలిన సంచికల్లో అతికించడానికి ఒక సవరణ చీటీ వేద్దామని కమిటీ వాళ్ళు ఒప్పుకున్నారు. దాన్ని ఈ పాత ప్రింటర్ మీదే అచ్చువేశాం. ఆ వాక్యం టీచరే రాశారు. ఆయన పేరు, తన పేరు, మధ్యలో 'మరియు'. నా పేరు కూడా వెయ్యాలన్నారు. నేను వద్దన్నాను. కంప్యూటర్ మూత లోపలి వైపు, అప్పటి మెకానిక్కులు రాసిపెట్టిన పాత మరమ్మతుల పక్కన, ఈ ఏడు చేసిన మరమ్మతు మార్కరుతో రాసుకున్నాను. తర్వాత విప్పే వాళ్ళకు అది చాలు.

కథ అక్కడితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. ప్రోగ్రాం మొత్తం చదువుతుంటే బండి ఱ లేదని తేలింది. పత్రికలో ఎప్పుడూ అవసరం రాలేదని అప్పట్లో వదిలేశారు. ఇప్పుడు సెక్రటరీగారు బుధవారం మధ్యాహ్నాలు గళ్ళ కాగితం పట్టుకుని వస్తున్నారు. ఆయన చుక్కలు పెడతారు, ఈవిడ వాటిని అంకెల్లోకి మార్చి చెబుతారు, నేను కొడతాను. డిస్క్ ప్రతిసారీ ఒక క్షణం ఆలోచించి, ఈల వేసుకుంటూ లేస్తోంది.

మొన్న బుధవారం బండి ఱ మొదటిసారి తెర మీదికి వచ్చింది. ఆయన దగ్గరికి జరిగి చూసి, "తోక పొట్టిగా ఉందండీ" అన్నారు.

"మీరు గీసిందే వచ్చింది. నేనేమీ కత్తిరించలేదు."

"అంకె తప్పు చెప్పి ఉంటారు."

"ముప్పయ్యారేళ్ళు లెక్కలు చెప్పాను సెక్రటరీగారూ."

నేను కాఫీ గ్లాసు పక్కన పెట్టి, ఆ వరుస మళ్ళీ తెర మీదికి తెచ్చి, ఒక్కో అంకె పైకి చదవడం మొదలుపెట్టాను.